కర్నలు మెకంజీ దొర – దేశపటములు, గ్రామ కైఫియత్తులు

ఐరోపా ఖండమున పూర్వము దేశపటములను కేవలము దారి తెలిసికొనుటకే గాక, మేడలలో గోడలకు అలంకారముగ వ్రేలాడదీయుటకును చేయించెడివారు. రాగిరేకుపై గీతలు చెక్కి, వానికి సిరా పట్టించి, కాగితముపై అచ్చొత్తి, పిమ్మట చేతితో రంగులు వేయుట ఆనాటి పద్ధతి. అట్టి పటములలో 1610లో జాన్ స్పీడ్ అను ఆంగ్లేయుడు సిద్ధపరచిన స్కాట్లండు రాజ్యపటము పేరెన్నిక గన్నది. స్పీడ్ వృత్తిచే దర్జీ. ఇతరుల పటములను ఏర్చి కూర్చి అందముగ తీర్చుటయందు ఇతనికి మించినవారు లేకుండిరి. ఆ పటమును ఆమ్‌స్టర్‌డామ్ నగరమున హోండియస్ అను శిల్పి చెక్కెను. సముద్రమున ఓడలు, ఇరుపక్కల రాజు జేమ్సు, రాణి ఆన్, రాకుమారులు హెన్రీ, చార్లెసుల నిలువు బొమ్మలు కలవు. ఆ చార్లెసే తర్వాత రాజై, ప్రజలతో పోరి ఓడి, 1649లో శిరచ్ఛేదము పొందెను. మూడేండ్లు గడచి 1652లో ఆ పటమును మరల అచ్చువేసినపుడు రాజకుటుంబమును తొలగించి, ఆ తావులలో నలుగురు సామాన్యులను, అనగా పల్లపు సీమ దంపతులను, కొండసీమ దంపతులను చెక్కిరి. అంచు మారినది గాని నడుమనున్న నేలను మరల కొలిచినవాడు లేడు.

కొలిచినవాడు ఒకడు అంతకు ముందే యుండెను. తిమోతి పాంట్ అను మతాచార్యుడు 16వ శతాబ్ది చివర స్కాట్లండు దేశమును కాలినడకన తిరిగి చెరువులు, వాగులు, కోటలు, పల్లెలు గీసికొనెను. ఆతని చిత్తుకాగితములే ముఖ్యాధారముగ 1654లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బ్లౌ అను ముద్రాపకుడు స్కాట్లండు పటముల సంపుటమును ప్రకటించెను. అప్పటికి పాంట్ కాలగతి చెంది చాలకాలమయ్యెను. ఆ సంపుటమున వాయవ్య సముద్రములోని లూయిస్ ద్వీపమునకు సైతము ఒక పటము కలదు. 1707లో స్కాట్లండు ఇంగ్లండుతో కలిసి ఒకే రాజ్యమైనది. 1745లో కొండసీమవారు తిరుగబడగా, ఆ తిరుగుబాటు నణచిన పిమ్మట సైన్యము నడుచుటకు దారులు తెలియవలెనని ప్రభుత్వమువారు విలియం రాయ్ చేత ఆ సీమనంతయు కొలిపించిరి. ఈసారి అంచున బొమ్మలు లేవు. పటము అలంకారవస్తువు గాక పరిపాలనకు ఆయుధమైనది. ఆ కొలత ప్రధాన భూభాగముతోనే ఆగిపోయినది. లూయిస్ ద్వీపమునకు రాలేదు.

ఆ లూయిస్ ద్వీపమున, స్టార్నోవే అను రేవుపట్టణమునందు, 1754 ప్రాంతమున కాలిన్ మెకంజీ జన్మించెను. తండ్రి వర్తకుడు, ఆ ఊరి టపాల వ్యవహర్త. కుమారుడు యౌవనమున ఆ రేవులోనే సుంకపు కచ్చేరిలో ఉద్యోగము చేసెను. లెక్కలయందు మిక్కిలి ఆసక్తి గలవాడు. పెద్ద గుణకారములను కూడికలుగ మార్చు లాగరిథముల పద్ధతిని కనిపెట్టిన జాన్ నేపియరు అను గణితవేత్త వంశీయుడు, ఆ పూర్వికుని చరిత్ర వ్రాయ సంకల్పించి, హిందువుల గణితమును గూర్చి విషయములు సేకరింపుమని ఈ యువకుని కోరెను. ఆ ప్రభువు 1773లో గతించుటచే గ్రంథము నిలిచిపోయినది. అయినను మెకంజీ మనస్సులో హిందూదేశపు పండితులను చూడవలెనను కోరిక నిలిచియుండెను.

1783 సెప్టెంబరులో ఆయన ఈస్టిండియా కంపెనీవారి కొలువున చేరి మద్రాసు రేవున దిగెను. అప్పటికి వయస్సు ముప్పదికి సమీపించినది. పదునారు పదునెనిమిదేండ్ల బాలురు చేరు పటాలమున ఈ వయస్సున చేరుట విశేషమే. నేపియరు ప్రభువు కుమార్తె మధురలో కాపురముండగా, ఆమె మూలమున అచటి బ్రాహ్మణ పండితులతో పరిచయము కలిగెను. కాని అది కొలదికాలమే. యుద్ధములు, ప్రయాణములు, గుడారములలో నివాసము, ఇవియే ఆ పిమ్మటి పదుమూడేండ్ల బ్రతుకు. 1786లో ఇంజనీర్ల దళమునకు మార్చబడెను. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతముల బాటలను కొలిచెను. 1791–92లో టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధమున బెంగుళూరు, నందిదుర్గము, శ్రీరంగపట్టణము ముట్టడులలో పాల్గొనెను.

ఆ యుద్ధము ముగిసి సంధి జరిగినపుడు కడప, గండికోట మొదలగు సీమలు నిజాము ప్రభువునకు సంక్రమించినవి. కాగితముపై పరగణాల పేర్లు వ్రాసి పంచుకొనుట సులభమే. ఏ పరగణా ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో చెప్పగల పటము ఎవరియొద్దను లేకుండెను. ఐరోపావారు అచ్చువేసిన పాతపటములలో మచిలీపట్టణము, గోలకొండ, వజ్రపు గనులు కనబడునే గాని లోనాడు చాలవరకు శూన్యము. ఆ కాలమున అందరు ఆధారముగ గొనుచుండిన రెన్నెల్ దొర హిందూదేశ పటము 1782లో వెలువడినది. దాని మూల ఒక చిత్రము కలదు. బ్రాహ్మణులు తమ శాస్త్రగ్రంథములను బ్రిటన్ దేశమును స్త్రీరూపముగ చూపు దేవి చేతికి సమర్పించుచున్నట్లు చిత్రించిరి. చిత్రమున గ్రంథములు వానంతట అవియే వచ్చినవి. వాస్తవమున ఒక్కొక్క తాటాకు కట్టకై ఎన్ని ఊళ్లు తిరుగవలసి వచ్చునో మెకంజీ తర్వాత తెలిసికొనెను.

1792 నుండి మెకంజీ హైదరాబాదు సంస్థానమునందలి కంపెనీ సైన్యమునకు ఇంజనీరుగను, సర్వేయరుగను నియమింపబడి దక్కను కొలతకు పూనుకొనెను. ఆ పని ఎట్టిదో కొంచెము వివరించుట మంచిది. మొదట చదునైన నేలపై ఒక గీతను గొలుసుతో కొలుతురు. దాని రెండు కొనల నుండి దూరపు కొండశిఖరమును థియోడలైటు అను కోణమాపక యంత్రముతో చూచి కోణములు గుర్తింతురు. త్రిభుజమున ఒక భుజము, రెండు కోణములు తెలిసిన యెడల తక్కినవి లెక్కకు వచ్చును. ఆ కొండనుండి మరియొక కొండకు, అచటినుండి ఇంకొకదానికి ఇట్లు అల్లుకొని పోవలెను. బాటలను చక్రముతో కొలుతురు. చక్రము తిరిగిన చుట్లు లెక్కించిన దూరము తేలును. వినుటకు తేలిక. కాని కొలగొలుసును చూచిన ఊరివారికి భయము, పాళెగాండ్రకు అనుమానము. కొండయెక్కి దుర్భిణి పెట్టిన దొర తమ కోటను పట్టుకొన వచ్చినాడని వారి తలంపు. ఆ తలంపు పూర్తిగా తప్పని చెప్పజాలము.

నడుమ 1793లో పుదుచ్చేరి ముట్టడికి, 1795లో సింహళమునకు పోవలసివచ్చెను. తిరిగివచ్చి 1796లో నిజాము రాజ్యమున కంతకు మొదటి సమగ్రపటమును పూర్తిచేసెను. ఈలోగా 1794లో శ్రీశైలము దర్శించి ఆ క్షేత్రమును వర్ణించి వ్రాసిన వ్యాసము కలకత్తాలోని ఆసియా పరిశోధక సంఘమువారి సంపుటమున అచ్చయినది. ఇన్ని ఏండ్లు తెలుగు నేలపై తిరిగినను మెకంజీకి తెలుగు రాదు. సంస్కృతము, తమిళము, కన్నడము ఏదియు రాదు. ఆ లోపమును ఆయనయే పలుమారు అంగీకరించెను. పటముపై ఊరిపేరు చేర్చగలడు. ఆ పేరు ఎట్లు వచ్చినది, చెరువు ఎవరు త్రవ్వించిరి, గుడిముందరి శిల ఏమి చెప్పుచున్నది అనువాటిని తెలియలేడు.

ఆ తలుపు తెరచినవాడు కావలి వేంకట బొర్రయ్య. ఏలూరివాడు, 1776లో జన్మించెను. తెలుగు, సంస్కృతములతోబాటు హిందుస్తానీ, పారసీకము, ఇంగ్లీషు నేర్చినవాడు. 1796లో మెకంజీయొద్ద చేరునప్పటికి ఇరువదియేండ్ల ప్రాయము. తన విద్యాప్రవేశమునకు మొదటిమెట్టు ఈ బ్రాహ్మణ యువకుడే యని మెకంజీ జీవితాంతము చెప్పుకొనెను. బొర్రయ్య పాత కన్నడ లిపిలోని శాసనములను సైతము చదివి అర్థము తేల్చెను. జైనులను గూర్చి సేకరించిన విషయములు సీమ పండితులకు క్రొత్తవి. శ్రీరంగపట్టణ చరిత్రమును తెలుగున పద్యరూపముగ రచించెను. ఇతని వెనుక తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి మొదలగువారు సైతము దొర కొలువులో ప్రవేశించిరి.

ఊరూర విషయములు సేకరించు విధానమును కట్టుదిట్టము చేసినది బొర్రయ్యయే. గుమాస్తాలు గ్రామములకు పోయి కరణములను, అర్చకులను, వృద్ధులను కలిసికొని, గ్రామనిర్మాణము, దేవాలయములు, చెరువులు, మాన్యములు, పూర్వప్రభువులు, వలసలు, పంటలు మొదలగునవి అడిగి వ్రాసికొనెడివారు. కరణముల యొద్ద తరతరములనుండి వచ్చుచుండిన దండకవిలెలు ఇందులకు ప్రధానాధారములు. ఈ వ్రాతలకే కైఫియత్తులని పేరు. కవిలె చూపుమన్నంతనే చూపుటకు కరణమునకు మనసొప్పునా? మాన్యములకు ఎసరు వచ్చునని, క్రొత్త శిస్తు వేయుదురని జంకు. బొర్రయ్యవంటి పండితుడు వాకిట కూర్చుండి, శాస్త్రప్రసంగము చేసి, నమ్మకము కలిగించినపుడే కట్టలు విప్పెడివారు. ఈ కార్యమునకు మెకంజీ తన జీతమునుండి వెచ్చించిన ధనము కొలదికాదు.

1798లో మెకంజీ అమరావతికి వచ్చెను. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అంతకు పూర్వమే అచట క్రొత్తపట్టణము కట్టించుటకై ఇటుకల కొరకు పాతదిబ్బను త్రవ్వించుచుండగా చెక్కడపు చలువరాళ్లు బయల్పడినవి. అది బౌద్ధస్తూపమని అప్పటికి ఎవరికిని తెలియదు. మెకంజీయు జైనులదని భావించెను. తిరిగి 1816లో వచ్చి చూచునప్పటికి దిబ్బ నడుమ గుంటగా మారినది. పలకలు మెట్లకు, గోడలకు పోయినవి. అపుడు మిగిలియున్న వానిని తన చిత్రకారులచేత నిలువు అడ్డములు కొలిపించి గీయించెను. ఆ చిత్రములలోని శిలలలో కొన్ని నేడు ఎచ్చటను లేవు, బొమ్మలు మాత్రమే యున్నవి.

1799లో నిజాము సైన్యముతో మరల శ్రీరంగపట్టణమునకు పోయెను. టిప్పు యుద్ధమున మరణించెను. జయించిన మైసూరు దేశమును కొలుచు భారము మెకంజీపై పడెను. 1800 నుండి సుమారు పదేండ్లు ఆ పని సాగినది. రమారమి 40,000 చదరపు మైళ్లు. మద్రాసులో 1794లో స్థాపింపబడిన సర్వే పాఠశాలలో తర్ఫీదైన బాలురు గొలుసులు పట్టిరి. పని నడుమ సీమలోని కంపెనీ యజమానులు ఖర్చు హెచ్చినదని భత్యములు తగ్గించిరి. మెకంజీ అర్జీలు పెట్టుచు, పని మాత్రము ఆపక సాగించెను. పటములతోబాటు ఊళ్లపేర్లు, ఇండ్లు, చెరువులు, పంటలు, చరిత్ర వ్రాసిన పెద్ద సంపుటములు సిద్ధమైనవి. పటము పక్కన అలంకారముగ బొమ్మలుండిన చోట ఈయన ఊరివారి వృత్తాంతమును చేర్చెనని చెప్పిన ఒప్పును. ఈ పని మధ్యలో 1803లో బొర్రయ్య మరణించెను. ఇరువదియేడేండ్లయినను నిండలేదు. అంతటి కార్యమును తలకెత్తికొన్నవాడు అంత స్వల్పాయుష్కుడగుట తెలుగువారి దురదృష్టము. లక్ష్మయ్య ఆ భారమును వహించెను.

1811లో మెకంజీ జావాద్వీపపు దండయాత్రకు పోయి రెండేండ్లుండెను. ప్రంబానన్ శిథిలాలయములను చూచి వ్రాసెను. 1812లో అచటనే డచ్చి వంశీయురాలిని వివాహమాడెను. 1815లో హిందూదేశమున కంతకు మొదటి సర్వేయరు జనరలుగ నియమింపబడి, మద్రాసులో పనులు చక్కబెట్టుకొని 1817లో కలకత్తా చేరెను. లక్ష్మయ్య మొదలగువారు వెంటనే యుండిరి. కలకత్తాకు పోకముందు, 1816లో, థామస్ హిక్కీ అను చిత్రకారుడు మెకంజీ రూపమును చిత్రించెను. ఎర్రకోటుతో నిలిచిన దొర చుట్టు ముగ్గురు హిందూదేశీయులు కలరు. దుర్భిణి పట్టిన జవాను కృష్ణాజీ, తాటాకు గ్రంథము పట్టిన జైనపండితుడు, ఒక బ్రాహ్మణుడు. దూరమున గోమట విగ్రహము కనబడును. సాధారణముగ ఆనాటి దొరలు తమ భార్యాబిడ్డలతోనో, గుఱ్ఱములతోనో చిత్రింపించుకొనెడివారు. మెకంజీ తన జవానును, పండితులను పక్క నిలుపుకొనెను.

ఈ ప్రాంతమును కొలిచిన కథ కూడ ఆ కాలపుదే. నిజాము రాజ్యమున వివరమైన సర్వే 1816లో మొదలైనది. దానికి పునాదిగ లాంబ్టన్ దొర 1802లో మద్రాసు నుండి ఆరంభించిన త్రిభుజముల అల్లిక దక్కను దాక వచ్చియుండెను. అతని సహాయకుడు జార్జి ఎవరెస్టు 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులకు పంపబడి, యెల్లాపురము ప్రాంతమున విషజ్వరము బారినపడెను. తోడి పరివారము దాదాపు 150 మంది మంచమెక్కిరి. హైదరాబాదు నుండి ఏనుగులను, పల్లకీలను పంపి వారిని తరలింపవలసి వచ్చెను. దారిలో పదునైదుగురు మరణించిరి. ఎవరెస్టు 1820లో ఆరోగ్యమునకై దక్షిణాఫ్రికా కొనకు పోయెను. హిమాలయశిఖరమునకు పెట్టిన పేరు ఇతనిదే. దారిలో మరణించినవారి పేర్లు ఏ కొండకును లేవు.

మెకంజీ 1783లో విడిచిన స్వదేశమును మరల చూడలేదు. సేకరించిన దానినంతయు వర్గీకరించి పట్టిక వ్రాయవలెనని ఆశించెను గాని ఉద్యోగభారమును, అనారోగ్యమును అడ్డమైనవి. 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున మరణించెను. ప్రభుత్వము ఆయన వితంతువునకు లక్ష రూపాయలిచ్చి ఆ సేకరణమును కొనెను. విల్సన్ పండితుడు 1828లో ప్రకటించిన పట్టిక ప్రకారము అందు గ్రంథములు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనములు 8,076, చిత్రములు 2,630, నాణెములు 6,218 ఉండెను. దేశపటములు, నక్షాలు 79 మాత్రమే. పటములు గీయుటకు జీతము పుచ్చుకొన్నవాని యింట పటములకన్న గ్రంథములే పెక్కుమడుగులు దొరకినవి. ఓరుగంటి కాకతీయుల కథ చెప్పు ప్రతాపరుద్ర చరిత్రము వంటివియు అందు కలవు.

అదే 1828లో కావలి వేంకట రామస్వామి కలకత్తాలో ఇంగ్లీషున ఒక గ్రంథమును ముద్రింపించెను. దక్కనులోని పట్టణముల, ప్రదేశముల చరిత్రను చెప్పు ఆ గ్రంథము, పూర్వకాలపు దక్కను రాజ్యములను చూపు ఒక దేశపటమునకు తోడుగ వ్రాయబడినది. హిందూరాజుల కాలపు భూగోళమును ఒక తెలుగువాడు ఇంగ్లీషు చదువరులకై పటముగ సిద్ధపరచుట అపూర్వము. మరుసటి యేడు దక్కను కవుల చరిత్రను ప్రకటించి, అందు అన్న బొర్రయ్యకును స్థానమిచ్చెను.

లక్ష్మయ్యకు అట్టి తృప్తి దక్కలేదు. మెకంజీ విడిచిన కార్యమును తాను కొనసాగింతునని, అనుమతియు సహాయమును దయచేయుడని ప్రభుత్వమును అర్థించెను. ఆ కోరిక కలకత్తాలోని ఆసియా సంఘమువారి అభిప్రాయమునకు వచ్చినది. బ్రాహ్మీలిపి రహస్యమును ఛేదించిన ప్రిన్సెప్ అంతటి విద్వాంసుడే, విమర్శదృష్టితో ఇట్టి పనిని నిర్వహించుట దేశీయునకు సాధ్యముకాదని 1836లో తోసిపుచ్చెను. ముప్పది సంవత్సరములకు పైబడి ఆ గ్రంథములను సేకరించి, చదివి, అర్థము చెప్పినవాడు పనికిరాడని తేల్చి, వానిని పరిశీలించు పనిని టేలరు అను మతాచార్యునకు అప్పగించిరి. లక్ష్మయ్య అప్పటికే మద్రాసున హిందూ సాహిత్య సంఘమును నెలకొల్పి నడుపుచుండెను.

తర్వాతి కాలమున సి. పి. బ్రౌను దొర తెలుగు కైఫియత్తులకు తిరిగి ప్రతులు వ్రాయించెను. మూలములలో పెక్కు మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున చేరినవి. కరణముల ఇండ్లలోని దండకవిలెలు చాలచోట్ల చెదలపాలైనవి. గుంటూరు, కడప సీమలలో ఎన్నో ఊళ్లవారు తమ ఊరి పూర్వకథను చదువుకొనుట ఈ ప్రతులవలననే. నిజాము రాజ్యమున కంపెనీ గుమాస్తాలు అంత స్వేచ్ఛగా తిరుగజాలకపోవుటచే, ఇచటి పల్లెల కైఫియత్తులు ఆ సీమలవాటితో పోల్చిన చాల తక్కువ. మొదటి సమగ్రపటము ఈ రాజ్యమునకే గీసినవాడు, ఈ రాజ్యపు ఊళ్ల కథలను మాత్రము అట్లు సేకరింపజాలకపోయెను.